తండ్రి చావుకే సెలవు

గల్ఫులో క్యాంపు ఆఫీసు ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఏం నేర్చుకుని వెళ్ళమంటారని అడుగుతారు. కంప్యూటరు సంగతీ లేబర్ చట్టం సంగతీ వాళ్ళకే నాకంటే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆ కుర్చీ పైవాడికీ కిందివాడికీ నడుమ వేసి ఉంటుంది. పైవాడి మాట కిందికి దించడం ఎవడైనా చేస్తాడు. కిందివాడి మాట పైకి మోయడానికే జీతం. ఈ ముక్క నా బుర్రకెక్కేలోగా రాజన్న అనే మనిషి తన భార్యను కడసారి చూసుకునే అవకాశం పోగొట్టుకున్నాడు. దాని గురించే రాస్తున్నాను. నా ప్రమోషన్ల కథ ఎవరికీ అక్కర్లేదు, నాకూ సరిగ్గా గుర్తులేదు.

యూన్ గారి క్యాంపు

డెబ్బైల చివర జెబెల్ అలీలో రేవు పని జోరుగా సాగుతోంది. చుట్టూ ఇసుకే. మాది నరసాపురం వైపు. నా భార్య సుగుణ నర్సు. దుబాయ్ ఆసుపత్రిలో ముందు ఆవిడకు ఉద్యోగం దొరికింది, వెనకాలే నేను వెళ్ళాను. పెళ్ళాం కొంగు పట్టుకుని దుబాయ్ పోయినవాడని మా ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనివ్వండి. టైపూ, కాస్త ఇంగ్లీషూ, హిందీ వచ్చు కాబట్టి ఒక కొరియా కంపెనీ క్యాంపు ఆఫీసులో నన్ను తీసుకున్నారు. అక్కడి కూలీల్లో సగం మంది కరీంనగర్, నిజామాబాద్ పల్లెలవాళ్ళు. వాళ్ళ సెలవు కాగితాలు రాయడం, టెలిగ్రాములు అందించడం, మేనేజరుకీ వాళ్ళకీ నడుమ మాటలు తర్జుమా చేయడం నా పని. గురువారం సగం పూటే డ్యూటీ. ఆ మధ్యాహ్నం చదువురానివాళ్ళకు ఇంటి ఉత్తరాలు చదివిపెట్టేవాణ్ణి. అది ఎవరూ చెప్పిన పని కాదు, నమ్మి తెచ్చి చేతికిచ్చేవారు.

క్యాంపు మేనేజరు పేరు యూన్. యాభై దాటిన బక్కపలచని మనిషి, ఊరి బడిపంతులు కొడుకు. వచ్చిన మొదటివారమే మెస్సులో వరస మార్చేశాడు. "ఫోర్‌మన్ అయినంత మాత్రాన ముందు తినడు. వయసులో పెద్దవాడు ముందు తింటాడు. నేను చివర తింటాను" అన్నాడు. రెండ్రోజుల ముచ్చటనుకున్నాం. ఉన్నన్నాళ్ళూ అలాగే తిన్నాడు. కూర అయిపోయిన రోజున వట్టి అన్నంలో వాళ్ళ క్యాబేజీ పచ్చడి కలుపుకుని తిని లేచేవాడు. ఎవరినీ 'లేబర్' అని పిలవనిచ్చేవాడు కాదు. మేస్త్రీని మేస్త్రీ అనాలి, వడ్రంగిని వడ్రంగి అనాలి. "మనిషికి ఒక పేరు ఇచ్చామంటే ఆ పేరుకు తగిన పని అతను చేయాలి, ఆ పేరుకు తగిన మర్యాద మనం చేయాలి. నన్ను మేనేజర్ అంటున్నారు. మీ బాగోగులు చూడకపోతే నాకా పేరెందుకు?" అనేవాడు. ప్రతి గదికీ వయసులో పెద్దవాణ్ణి 'రూము పెద్ద'గా పెట్టాడు. పక్క క్యాంపుల్లో జరిమానాలు, తన్నులాటలు. మా దగ్గర ఆరునెలలకు ఒక గొడవ జరిగితే ఎక్కువ. యథా రాజా తథా ప్రజా అన్న మాట పెద్దవాళ్ళు ఊసుపోక చెప్పిందనుకునేవాణ్ణి. అక్కడ కళ్ళారా చూశాను.

సాయంత్రం కంచె పక్కన నడిచేటప్పుడు తన దేశం సంగతులు చెప్పేవాడు. కన్ఫ్యూషియస్ అనే పాతకాలపు చైనా గురువు మాటలు వాళ్ళ ఇళ్ళలోనూ సర్కారు కచేరీల్లోనూ ఒకేలా చెల్లుబాటయ్యేవట. ఇల్లు సరిగా ఉంటే ఊరు, ఊరు సరిగా ఉంటే రాజ్యం. రాజు తండ్రిలా ఉండాలి, తండ్రి రాజులా బాధ్యత మోయాలి. ఆ గ్రంథాలు చదివి పరీక్ష నెగ్గినవాడికే వందల ఏళ్ళు సర్కారు కొలువు. "ఇంకో సగం కూడా ఉంది, ప్రకాశం. రాజు తప్పుదారి పడితే ఎదురుగా నిలబడి చెప్పడం మంత్రి విధి. తల పోతుందని తెలిసీ చెప్పినవాళ్ళున్నారు. ఆ సగం ఇప్పుడు మా పాలకులు బడుల్లో చెప్పించరు. తల వంచే సగం ఒక్కటే చెప్పిస్తారు" అన్నాడొకసారి. నేను తల ఊపాను. నాకు ఆయన చెప్పిందాంట్లో తల వంచే సగమే నచ్చింది. దాంట్లో కష్టం లేదు.

దొంగ తార్లు

ఆ మనిషి పెట్టిన సెలవు రూలు కూడా ఆయన నమ్మకం లాంటిదే. తండ్రిగానీ తల్లిగానీ పోతే, రెండ్రోజుల్లో టిక్కెట్టు కంపెనీ ఇస్తుంది, నలభై రోజుల సెలవు, వచ్చేసరికి ఉద్యోగం భద్రం. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని దగ్గర ఉంటే ఆయనే స్వయంగా వెళ్ళి తెచ్చేవాడు. గల్ఫులో ఆ రోజుల్లో ఇంత ధర్మంగా ఉన్న రూలు నేనింకెక్కడా వినలేదు. అయితే భార్యకు జబ్బు చేసినా, బిడ్డకు జబ్బు చేసినా ఏమీ లేదు. రెండేళ్ళ కాంట్రాక్టు పూర్తయ్యాకే ఇల్లు. తల్లిదండ్రుల తర్వాతే ఎవరైనా అన్నది ఆయన లెక్క. ఆ లెక్కలో ఆడమనిషి ఎక్కడో అడుగున ఉంది. అది తప్పని నాకు అప్పుడే అనిపించింది. పైకి అనలేదు.

రూలు ఎటు వంగితే జనం అటే వంగుతారు. "తండ్రి మరణించాడు, వెంటనే బయలుదేరు" అన్న టెలిగ్రాములు మొదలయ్యాయి. కూలీలు వాటిని తార్లనేవారు. వాటిలో నిజమైనవీ ఉన్నాయి, ఊరికి చెప్పి తెప్పించుకున్నవీ ఉన్నాయి. అలా ఒకడు వెళ్ళొచ్చాడు. రెండు నెలలకు ఆ చచ్చిపోయిన తండ్రి దగ్గర్నుంచే ఉత్తరం వచ్చింది, వర్షాలు బాగా పడ్డాయని. నేనే చదివిపెట్టాను. చదివి, నేరుగా వెళ్ళి యూన్ గారికి చెప్పాను. నన్ను నమ్మి విప్పిన ఉత్తరాన్ని ఆఫీసుకు మోసినట్టయిందని అప్పుడు తోచలేదు. పైగా కాస్త గర్వంగా కూడా ఉంది.

బతికున్న తండ్రిని నోటితో చంపడం యూన్ గారు ఊహించలేని పాపం. ఆ రోజు ఆయన అన్నం తినలేదు. మర్నాడు అందరినీ నిలబెట్టి, నా చేత తెలుగులోనూ హిందీలోనూ చెప్పించాడు: తండ్రి చావు గురించి అబద్ధమాడినవాడికి కాంట్రాక్టు ముగిసేదాకా ఏ కారణంతోనూ సెలవు లేదు. అప్పటినుంచి టెలిగ్రాము నిజమో కాదో తేల్చే పని నాకు అప్పగించాడు.

తేల్చడానికి నాకొక గుర్తుండేది. తండ్రి పోయాడని తెలిసిన మన హిందువుల పిల్లలు ఊరు చేరేదాకా ఆగేవారు కాదు. వార్త అందిన పూటే నెత్తిన నీళ్ళు పోసుకుని, గుండు గీయించుకుని, మీసం తీయించుకునేవారు. గుండుతో వచ్చినవాడి కాగితం మీద నేను సంతకం పెట్టేవాణ్ణి.

రాజన్న

రాజన్న మెట్‌పల్లి దగ్గర పల్లెటూరివాడు, కాంక్రీటుకు ఇనుప కమ్మీలు కట్టే పని. పదకొండో నంబరు గదికి రూము పెద్ద. ఒక గురువారం అతని తండ్రి రాయించిన ఉత్తరం చదివాను. "కోడలు లచ్చవ్వకు నెల దినాలసంది పానం బాగలేదు. కాళ్ళు ఉబ్బినయి, దమ్ము వస్తున్నది. గుండె జబ్బని దవాఖానల చెప్పిన్రు. రోజు నిన్నే యాది జేస్తున్నది. నేను మంచిగనే ఉన్న" అని ఉంది.

శనివారం రాజన్న ఆఫీసుకొచ్చాడు.

"సారూ, ఇంటిదాన్ని ఒకపారి సూసొస్త. నెల దినాలు ఇప్పియ్యుండ్రి. మళ్ళ వచ్చి ఓవర్‌టైమ్ ఎంతంటె అంత జేస్త."

"రూల్ లేదు రాజన్నా. అమ్మానాన్నలకే ఎమర్జెన్సీ. భార్యకు లేదు."

"పెద్దసారుకు ఒక మాట జెప్పి సూడరాదుండ్రి."

"ఆయన రూలు ఆయనకు తెలీదా ఏమిటి? నన్ను తిట్లు తినమంటావా?"

"గట్లనకు సారూ. నువ్వు జెప్తె ఇంటడు."

"సరే, చూస్తాలే" అన్నాను. ఆ మాట అతన్ని పంపించడానికి అన్నది. యూన్ గారి గది నా బల్లకు పదడుగుల దూరం. ఆ పదడుగులు నేను వెయ్యలేదు. పెద్దాయన రూలును ప్రశ్నించడం మర్యాద కాదని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, ఆయన దగ్గర మంచి పేరుంది, దాన్ని ఎవడి పెళ్ళాం కోసమో ఎందుకు చెడగొట్టుకోవడం అని. రాజన్న ఆ వారంలో మూడుసార్లు మా కిటికీ దగ్గరికొచ్చి నా మొహం చూసి వెళ్ళాడు.

మూడో వారంలో ఒక ఉదయం టెలిగ్రాము వచ్చింది. తండ్రి మరణించాడు, వెంటనే బయలుదేరు.

యూన్ గారు చదివి, లేచి నిలబడి, తల వంచి కాసేపు అలాగే ఉన్నాడు. రాజన్నను పిలిపించి, రెండు చేతులతో టీ అందించాడు. కఫీల్ ఆఫీసుకు వెళ్ళాలి, కారు తీయించమన్నాడు. రాజన్న టీ గ్లాసు పట్టుకుని నేల చూస్తున్నాడు. దట్టమైన మీసం, నూనె రాసిన జుట్టు, ఎలా ఉండేవాడో అలాగే ఉన్నాడు.

నేను తెలుగులో అడిగాను. "మీ నాన్న ఎప్పుడు పోయాడు రాజన్నా?"

"మొన్న... మొన్ననే సారూ."

"మరి మీసం తీయించుకోలేదేం?"

చెయ్యి మీసం మీదికి పోయింది. "తీద్దామనే కూసున్న సారూ. మావోళ్ళు కత్తి గూడ పట్టిన్రు. నాతోని గాలేదు. బాపు బతికుండంగ ఎట్ల తీస్తరు?" అన్నాడు, నీళ్ళు నిండిన కళ్ళతో.

"ఏమంటున్నాడు?" అన్నాడు యూన్ గారు.

"తండ్రి బతికే ఉన్నాడు సార్. టెలిగ్రాం అబద్ధం."

ఆయన మొహం తెల్లబోయింది. కూర్చున్నాడు. "ఎందుకు చేశాడో అడుగు."

"ఇంటిది బతకదంటున్నరు సారూ. సెలవు అడిగిన. గీ సారునే అడిగిన, నీకు జెప్పుమన్న. నువ్వు ఒప్పుకోలేదేమో అనుకున్న."

నేను అన్నాను, "భార్యకు ఒంట్లో బాగాలేదట సార్. తప్పయింది, క్షమించమంటున్నాడు."

"భార్య కోసం సెలవు ముందే అడిగాడా?"

రాజన్నకు ఇంగ్లీషు రాదు. తన మాట ఇప్పుడు పెద్దాయనకు చేరుతోందనుకుని ఆశగా మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"లేదు సార్. నాతో అనలేదు" అన్నాను.

"అడిగి ఉంటే..." అని యూన్ గారు ఆగిపోయాడు. మళ్ళీ అన్నాడు, "ఒక్కమాట అడగకుండా తండ్రిని చంపుకున్నాడు. అందరి ముందూ చెప్పిన మాట నేను తప్పితే రేపు నా మాటకు విలువుండదు. సెలవు లేదు." ఆ వాక్యం మాత్రం నేను పొల్లు పోకుండా తర్జుమా చేశాను.

దొంగ తార్లు తెప్పించి గుండు కొట్టించుకున్నవాళ్ళంతా నా పరీక్షలో నెగ్గి విమానమెక్కారు. తండ్రి బతికుండగా మీసం తీయలేని కొడుకు ఒక్కడే దొరికిపోయాడు. నేను పట్టుకున్నది ఎవరినో చూడండి.

సుగుణ అన్న మాట

ఆ గురువారం సాయంత్రం కంపెనీ బస్సులో దుబాయ్ వెళ్ళి సుగుణకు ఈ మీసం కథ చెప్పాను. నా తెలివి మెచ్చుకుంటుందనుకున్నాను. నా అబద్ధం సంగతి చెప్పలేదు.

"ఆవిడకేం జబ్బట?" అంది.

"గుండె అంటున్నారు. కాళ్ళు ఉబ్బాయట, ఆయాసమట."

కూర తరుగుతున్నదల్లా ఆపేసింది. "అలా వాపొచ్చిందంటే ఎక్కువ రోజులు ఉండకపోవచ్చండీ. మీరు పట్టుకున్నది దొంగను కాదు, పెళ్ళాం కోసం ఏడుస్తున్నవాణ్ణి. మీకు నేను వారం వారం కనబడుతున్నాను కాబట్టి సరిపోయింది. శనివారం వెళ్ళగానే మీ మేనేజర్‌తో చెప్పండి."

చెప్తానన్నాను. చెబితే నా అబద్ధం బయటపడుతుంది. శనివారం సిమెంటు ఓడ వచ్చిందని చెప్పలేదు. ఆదివారం ఆయన దుబాయ్ వెళ్ళాడని చెప్పలేదు. తర్వాత కారణాలు వెతుక్కోవడం కూడా మానేశాను. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ దేవుడు వరమిచ్చేవాడో కాదో తెలుసుకునే వీలు కూడా లేకుండా చేసిన పూజారిని నేను.

తండ్రి ఉత్తరం

ఇంకో మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. రాజన్న దాన్ని నా దగ్గరికే తెచ్చాడు. కోపం ఉన్నట్టు లేదు. పెద్దసారు ఒప్పుకోలేదు, ఈ సారు తన వంతు చేశాడు, అన్నదే అతని నమ్మకం. గదిలో మంచం మీద కూర్చున్నాం. గదిలోవాళ్ళు చుట్టూ చేరారు. విప్పి మొదటి వాక్యం చూసుకున్నాను. చదవక తప్పలేదు.

"బిడ్డా రాజన్నా, లచ్చవ్వ సోమారం పొద్దుగాల కాలం జేసింది. నువ్వు వస్తున్నవని ఆమెకు జెప్పినం. వాకిట్ల మంచమేస్తె తొవ్వ దిక్కే సూసింది. మెట్‌పల్లి దాక నేనే నడిసి వోయి, నేను సచ్చిన్నని నేనే తార్ కొట్టిచ్చిన. పెండ్లాం కోసం పంపరు, బాపు సస్తె పంపుతరని నువ్వు రాయించినవు గద. నా సావు ఇనైనా వస్తవనుకున్న. ఎందుకు రాలేదు బిడ్డా? తార్ ముట్టలేదా?"

రాజన్న ఏడవలేదు. ఆ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని, చదవడం రానివాడు, చాలాసేపు అక్షరాల వంక చూశాడు.

నేను లేచి నేరుగా యూన్ గారి గదికి వెళ్ళాను. ఈసారి ఏ ధైర్యమూ కూడగట్టుకోలేదు, కాళ్ళే నడిచాయి. ఉత్తరంలో ఉన్నదంతా చెప్పాను. "రాజన్న భార్య కోసం ముందే అడిగాడు సార్. మీకు చెప్పమన్నాడు. నేను చెప్పలేదు. మీరు అడిగితే అబద్ధమాడాను" అన్నాను. తండ్రి తన చావు తార్ తానే పంపిన ముక్క ఆయన రెండోసారి చెప్పించుకున్నాడు.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆయన అన్నాడు, "మూడేళ్ళుగా ఈ క్యాంపులో నాకు ఎదురు చెప్పినవాడు ఒక్కడూ లేడు. అంతా సవ్యంగా ఉందనుకున్నాను. అప్పుడే నాకు అనుమానం రావాలి. తల వంచడం నేర్పాను, నోరు విప్పినవాణ్ణి ఎప్పుడూ మెచ్చుకోలేదు. నువ్వు నా దగ్గర నేర్చుకున్నదే చేశావు. పద."

పదకొండో నంబరు గదిలో రాజన్న ముందు నిలబడి నడుము దాకా వంగాడు. అలా వంగడం ఆయన ఎవరి ముందూ చేయగా మేం చూడలేదు. కుర్రవాళ్ళు కంగారుపడి మంచాల మీంచి లేచారు. "నన్ను తండ్రిలా చూడమన్నాను. బిడ్డ మాట చెవిన పడని తండ్రినయ్యాను. తప్పు నాది. మీ నాన్నగారి ముందు నేను చాలా చిన్నవాణ్ణి" అన్నాడు. నేను తర్జుమా చేశాను. ఆ వెంటనే, ఎవరూ అడక్కుండా, నేను దాచిన సంగతి కూడా తెలుగులో చెప్పాను.

రాజన్న నా వంక చూశాడు. "నువ్వు జెప్పనే లేదా సారూ?"

"లేదు రాజన్నా."

"జెప్తివనుకున్న" అన్నాడు. వెంటనే ఇంటికి పంపుతానని యూన్ గారంటే, "ఇప్పుడు వోయి ఎవల మొఖం సూడాలె? పెద్దదినం గూడ అయిపాయె" అన్నాడు.

ఆ వారమే రూలు మారింది. భార్య, పిల్లల జబ్బుకు కూడా సెలవు. సెలవు అడిగేవాడు తన రూము పెద్దను వెంటబెట్టుకుని తిన్నగా మేనేజరు ముందుకే రావాలి, తర్జుమాకు నేనొక్కణ్ణే కాదు, ఇంకొకరు కూడా ఉండాలి. నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు. తీసేస్తే నాకు సుఖంగా ఉండేది.

ఆ పాత గురువు బోధ మంచిదా చెడ్డదా అని నన్ను అడుగుతుంటారు. యూన్ గారిలాంటి మనిషిని తయారు చేసిన బోధను చెడ్డదనను. చివర తినే మేనేజరును నేను మళ్ళీ చూడలేదు. కానీ ఒక్క మంచివాడి మీద నిలబెట్టిన ఇల్లయినా సర్కారయినా, ఆ మంచివాడి చుట్టూ నాలాంటివాళ్ళు నలుగురు చేరితే చాలు, గుడ్డిదవుతుంది. మీరు కూర్చోబోయేది నా కుర్చీలోనే. మీ పై అధికారి ఎంత మంచివాడైతే మీరంత గట్టిగా నోరు విప్పాలి. చెడ్డవాడి సంగతి జనమే కనిపెట్టుకుని ఉంటారు.

పై గురువారం రాజన్న ఏరోగ్రాం కాగితం పట్టుకుని వచ్చాడు. ఉత్తరం రాసిపెట్టేవాళ్ళు అతని గదిలోనే ఇంకా ఇద్దరున్నారు. నా దగ్గరికే ఎందుకొచ్చాడో నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఎదురుగా కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు.

"బాపుకు దండం. నీ తార్ నాకు ముట్టలేదు. ముట్టి ఉంటె ఆ దినమే వస్తుంటి."

నా కలం ఆగిపోయింది.

"రాయి సారూ" అన్నాడు మెల్లగా. "ముట్టిందని రాస్తె, నేను సచ్చిన్నని తార్ కొట్టిచ్చినా నా కొడుకు రాకపాయె అనుకుంటడు. ముసలోడు బతకడు."

రాశాను. తార్ ముట్టలేదు బాపూ అని నా చేత్తోనే రాశాను. కింద అతను వేలిముద్ర వేశాడు. చిరునామా రాసి, మడిచి, అంటించి, ఆ సాయంత్రం దుబాయ్‌లో బస్సు దిగాక పోస్టు డబ్బాలో నేనే వేశాను.